శత్రువు చెరలో చూపిన ధైర్యానికి పతకం ఎలా కొలిచి ఇస్తారు?

2019 ఫిబ్రవరి 27న పాకిస్తాన్ సైన్యం బయటపెట్టిన వీడియోలో వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ చేతిలో టీ కప్పుతో కనిపిస్తారు. జనం చేతుల్లో దెబ్బలు తిని కన్ను వాచిపోయి ఉంటుంది. మీది ఏ ఊరని అడిగితే దక్షిణాది అంటారు. పెళ్లయిందా అంటే అయిందంటారు. ఏ విమానంలో వచ్చారని అడిగేసరికి మాత్రం, మన్నించండి మేజర్, అది నేను చెప్పకూడదు అంటారు. ఏ పని మీద వచ్చారని అడిగినా అదే జవాబు.

మార్చి 1న వాఘా దగ్గర ఆయన్ను అప్పగించారు. ఆ ఆగస్టులో కేంద్రం వీరచక్ర ప్రకటించింది. వెంటనే సోషల్ మీడియాలో ఒక మాట మొదలైంది: పట్టుబడ్డవాడికి పతకమేమిటి? అన్నవాళ్లలో చాలామంది వెక్కిరింపుగానే అన్నారు. కానీ ఆ ప్రశ్నకు సరైన జవాబు ఉంది, అది తెలుసుకోవలసిన జవాబు కూడా. అభినందన్ ప్రశంసాపత్రంలో ప్రధానంగా ఉన్నది ఆకాశంలో జరిగిన పోరు. దాని చివర మరో వాక్యం ఉంది: శత్రువు చేతికి చిక్కిన తర్వాత కూడా, తిరిగి వచ్చేదాకా, ధైర్యంగా హుందాగా నడుచుకున్నారని. ఆ వాక్యం వెనక ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. తుపాకీ లేని సైనికుడి ధైర్యాన్ని ఎలా గుర్తించాలి, ఎవరి సాక్ష్యం నమ్మాలి, హింసకు లొంగిపోయినవాణ్ని ఏమనాలి అని దేశాలు తలపట్టుకున్న చరిత్ర అది.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం 17వ అధికరణం ప్రకారం యుద్ధఖైదీ తన పేరు, హోదా, పుట్టిన తేదీ, సర్వీసు నంబరు చెబితే చాలు. అంతకుమించి రాబట్టడానికి హింసించకూడదు, బెదిరించకూడదు. 13వ అధికరణం ఖైదీని నలుగురికీ చూపించి బజారున పెట్టకూడదంటుంది. ఆ లెక్కన ఆ వీడియోలు తీసి వదలడమే తప్పు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. చెర నుంచి తప్పించుకోవడం నేరం కాదు. దొరికిపోతే క్రమశిక్షణ చర్య మాత్రమే తీసుకోవాలి, అదీ ముప్పై రోజులు మించకూడదు. తప్పించుకుని తన సైన్యాన్ని చేరుకున్నవాడు మళ్లీ ఎప్పుడైనా చిక్కితే, ఆ పాత పరారీకి శిక్ష వేయడానికే వీల్లేదు. అంటే పట్టుబడ్డ సైనికుడి కొలువు పట్టుబడ్డచోట ఆగిపోదని అంతర్జాతీయ చట్టమే ఒప్పుకుంటోంది. కొలువు నడుస్తున్నప్పుడు అందులో శౌర్యమూ ఉంటుంది, పిరికితనమూ ఉంటుంది. పతకం మాట అక్కడినుంచే పుడుతుంది.

చిక్కు పతకాల నిబంధనల్లో ఉంది. బ్రిటన్‌లో విక్టోరియా క్రాస్ శత్రువుకు ఎదురునిలిచి చూపిన శౌర్యానికి. శత్రువు ఎదుట లేని చోట చూపిన సాహసానికి 1940లో జార్జ్ క్రాస్ పెట్టారు. మనమూ దాదాపు ఇదే విభజన తెచ్చుకున్నాం: పరమవీర చక్ర, మహావీర చక్ర, వీరచక్ర ఒక వరుస, అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర మరో వరుస. మరి చెరసాల గదిలో, సంకెళ్లతో, ఎదురుగా శత్రువు అధికారి కూర్చుని ఉంటే అది శత్రువు సమక్షమా కాదా? మామూలు మనిషిని అడిగితే అంతకన్నా దగ్గరగా శత్రువు ఇంకెక్కడ ఉంటాడంటాడు. బ్రిటిష్ పద్ధతిలో మాత్రం యుద్ధరంగం అంటే పోరు జరిగే చోటు, కాబట్టి ఖైదీల ధైర్యాన్ని జార్జ్ క్రాస్ కింద చేర్చారు. అది చిన్నచూపు కాదు. హోదాలో ఆ రెండు పతకాలూ సమానమే.

అలా జార్జ్ క్రాస్ పొందినవారిలో మన హైదరాబాదు మనిషి ఉన్నారు. కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ, ఏడో రాజపుత్ర రెజిమెంటు ఐదో బెటాలియన్. 1941 డిసెంబరులో హాంకాంగ్ జపాన్ వశమైనప్పుడు వేలమందితో పాటు ఆయనా ఖైదీ అయ్యారు. ఒక సంస్థానాధీశుడికి ఆయన దగ్గరి బంధువని జపాన్ వాళ్లకు తెలిసింది. ఇలాంటి మనిషి తమ వైపు తిరిగితే మిగతా భారతీయ సైనికులూ తిరుగుతారని లెక్క వేశారు. బ్రిటిష్ కొలువు వదులుకోమన్నారు, ఖైదీల్లో అసంతృప్తి రగిలించమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. 1942 మేలో స్టాన్లీ జైల్లో పడేశారు. తిండి పెట్టలేదు, చిత్రహింసలు పెట్టారు. శిబిరానికి తిరిగి పంపాక కూడా మాట మారకపోతే మళ్లీ అదే జైలు, ఈసారి ఐదు నెలలు. రెండోసారి బయటికొచ్చిన మనిషి ఊరికే కూర్చోలేదు. తోటి ఖైదీలు తప్పించుకునే ఏర్పాట్లలో చేయివేశారు. 1943 అక్టోబరులో ముప్పైమందికి పైగా బ్రిటిష్, చైనీస్, భారతీయ ఖైదీలతో కలిపి ఆయన తల నరికారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు. 1946లో జార్జ్ క్రాస్ వచ్చింది. సమాధి హాంకాంగ్ స్టాన్లీ సైనిక శ్మశానంలో ఉంది. హైదరాబాదులో ఈ పేరు ఎంతమందికి తెలుసో ఒక్కసారి వాకబు చేసి చూడండి. నాకైతే అది బాధ కలిగించే విషయం.

ఆయన్ను మనం మరిచిపోవడానికి కారణం లేకపోలేదు. అదే ఏడాది జార్జ్ క్రాస్ పొందిన మరో భారతీయ ఖైదీ, బహావల్‌పూర్ సంస్థాన దళానికి చెందిన కెప్టెన్ మహమూద్ ఖాన్ దురానీ, మలయాలో పట్టుబడి ఆజాద్ హింద్ ఫౌజులో చేరడానికి నిరాకరించారు. మన దేశంలోకి గూఢచారులను పంపే పథకాన్ని లోపలినుంచి దెబ్బకొట్టారు, దానికి ఘోరమైన హింస అనుభవించారు. అవే శిబిరాల్లోంచి వేలమంది భారతీయ సైనికులు నేతాజీ వెంట నడిచారు. 1945 నవంబరులో ఎర్రకోటలో షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌ల మీద విచారణ మొదలైతే దేశమంతా వాళ్ల వెనక నిలబడింది. చెర ఒకటే, ప్రలోభమూ ఒకటే. ఒకరు కాదన్నారు, మరొకరు సరేనన్నారు. కాదన్నవాడికి బ్రిటిష్ రాజు పతకం ఇచ్చాడు. సరేనన్నవాడికి స్వతంత్ర భారతం స్వాతంత్ర్య సమరయోధుల పింఛను ఇచ్చింది. ఇచ్చింది కానీ, ఆజాద్ హింద్ ఫౌజు సైనికులను తిరిగి భారత సైన్యంలోకి తీసుకోలేదు. త్యాగాన్ని గౌరవించింది, ప్రమాణం తప్పడాన్ని మాత్రం ఆనవాయితీ కానివ్వలేదు.

దీన్నిబట్టి ఒక సంగతి గట్టిగా చెప్పవచ్చు. ఏ దేశమైనా పతకం ఇచ్చేటప్పుడు తన ప్రమాణానికి కట్టుబడినవాణ్ని చూస్తుంది. అంతమాత్రాన అన్సారీని సామ్రాజ్యానికి నమ్మిన బంటు అని తీసిపారేయడం అన్యాయం. మొదటిసారి జైలు నుంచి వచ్చాక ఆయన మౌనంగా ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన ప్రాణం పోయింది పక్కవాళ్లను బయటపడేసే పనిలో.

కొరియా యుద్ధం ఈ వ్యవహారాన్ని ఇంకో మలుపు తిప్పింది. అక్కడ చైనా, ఉత్తర కొరియా వాళ్లకు ఖైదీల నుంచి సమాచారం కన్నా ప్రచారం ఎక్కువ కావలసి వచ్చింది. బ్రిటిష్ లెఫ్టినెంట్ టెరెన్స్ వాటర్స్ కథ చదివినప్పుడల్లా నేను ఆగిపోతాను. 1951లో కొరియాలోని ఇమ్జిన్ నది దగ్గర పట్టుబడేనాటికే ఆయనకు తీవ్రమైన గాయాలున్నాయి. ప్యాంగ్యాంగ్ దగ్గర ఖైదీలను కుక్కిన గుహల్లో తిండి లేదు, మందుల్లేవు, రోజూ చావులు. శాంతి పోరాటం పేరిట తమ ప్రచారంలో చేరితే మంచి తిండి, వైద్యం, వేరే శిబిరం ఇస్తామని ఆశపెట్టారు. అందరూ కలిసి తిరస్కరించారు. కళ్లెదుట మనుషులు రాలిపోతుంటే ఆ కుర్ర అధికారి తన సైనికులకు ఒక ఆజ్ఞ ఇచ్చాడు: ఒప్పుకున్నట్టు నటించి బయటికి పొండి, ప్రాణాలు దక్కించుకోండి. తాను మాత్రం అధికారిగా ఒప్పుకోనని ఉండిపోయాడు. కొద్దిరోజులకే చనిపోయాడు. 1954లో జార్జ్ క్రాస్ ఇచ్చారు. లొంగిపొమ్మని ఆజ్ఞ ఇవ్వడమే ఇక్కడ శౌర్యంలో భాగమైంది. ఖైదీ నడవడికను నోరు విప్పాడా లేదా అన్న ఒక్క లెక్కతో చూసేవాళ్లకు ఈ ప్రశంసాపత్రం మింగుడుపడదు.

అదే యుద్ధంలో ఫ్యూజిలియర్, అంటే మామూలు బ్రిటిష్ సైనికుడు, డెరెక్ కిన్ రెండుసార్లు తప్పించుకుని రెండుసార్లూ దొరికాడు. 1953 జూన్ 2న ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం రోజు గుండె మీద రిబ్బను పువ్వు పెట్టుకున్నందుకు మళ్లీ శిక్ష. బతికి ఇంటికొచ్చి తన జార్జ్ క్రాస్ తానే అందుకున్నాడు.

అమెరికా మాత్రం కొరియా తర్వాత బెంబేలెత్తిపోయింది. 21 మంది అమెరికన్ ఖైదీలు ఇంటికి రామని చైనా వెళ్లిపోయారు. మన కుర్రాళ్లు ఇంత బలహీనులా అని దేశమంతా గగ్గోలు. దాని ఫలితంగా 1955 ఆగస్టులో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైనికుల ప్రవర్తనా నియమావళి జారీచేశాడు. అందులో ఆరు అంశాలే ఉన్నాయి. నా ఇష్టపూర్వకంగా లొంగిపోను, తప్పించుకోవడానికి ప్రయత్నిస్తాను, శత్రువు నుంచి ప్రత్యేక సౌకర్యాలు తీసుకోను, తోటి ఖైదీలకు ద్రోహం చేయను, ఇలా. ప్రశ్నిస్తే ఆ నాలుగు వివరాలే చెబుతాననీ ఉంది.

కాగితం మీద బాగుంది. పదేళ్లు తిరిగేసరికి వియత్నాం యుద్ధంలో, హనోయ్‌లోని హోవా లో జైల్లో అది చిత్రహింసల ముందు నిలవలేదు. చేతులు వెనక్కి విరిచి తాళ్లతో బిగించి కీళ్లు పట్టుతప్పేలా చేస్తే, పేరూ నంబరూ చెప్పి ఊరుకోవడం మనిషి శరీరానికి సాధ్యం కాలేదు. దాదాపు అందరూ ఏదో ఒకటి చెప్పారు, ఏదో ఒకటి రాశారు. గదికి తిరిగొచ్చి నేను ద్రోహినైపోయానని గోడకు తలకొట్టుకున్నవాళ్లున్నారు.

అక్కడ సీనియర్ నౌకాదళ అధికారి జేమ్స్ స్టాక్‌డేల్. 1965 సెప్టెంబరులో విమానం కూలి పట్టుబడ్డాడు, 1973 ఫిబ్రవరిదాకా ఏడేళ్లకు పైగా చెరలో ఉన్నాడు. ఒంటరి గదుల్లో ఉన్నవాళ్లంతా గోడ మీద వేళ్లతో తట్టి మాట్లాడుకునేవాళ్లు. అక్షరాలను ఐదు అడ్డవరుసలు, ఐదు నిలువు వరుసల గడిలో పేర్చుకుని, ముందు వరుస నంబరు, తర్వాత స్థానం నంబరు తట్టేవారు. ఆ తట్లతోనే స్టాక్‌డేల్ కొత్త నియమాలు పంపాడు. బయట జనం ముందు వంగి దండం పెట్టొద్దు. రేడియోలో మాట్లాడొద్దు. నేరం చేశామని ఒప్పుకోవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, నీ ఒక్కడి సుఖం కన్నా అందరి ఐక్యత పైన. హింస భరించలేక ఎవరైనా లొంగితే అతణ్ని వెలివేయరు. అతను కోలుకుంటాడు, మర్నాడు మళ్లీ మొదటినుంచి ఎదిరిస్తాడు. శత్రువు ప్రతిసారీ మొదటినుంచి కష్టపడాల్సిందే.

తనను ప్రచార చిత్రానికి తయారుచేస్తున్నారని తెలిసి స్టాక్‌డేల్ రేజరుతో నెత్తి కోసుకున్నాడు. టోపీ పెడతామంటే స్టూలుతో ముఖం చితక్కొట్టుకున్నాడు. 1969లో, తోటివారి రహస్యాలు తన నోట చెప్పించబోతున్నారని అర్థమై, పగిలిన గాజుముక్కతో మణికట్టు కోసుకున్నాడు. కాపలావాళ్లు చూసి బతికించారు. ఆ తర్వాత ఖైదీలందరి మీదా హింస తగ్గిందని ఆయన ప్రశంసాపత్రమే చెబుతుంది. 1976లో అమెరికా అత్యున్నత పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. మరుసటి ఏడాది అధ్యక్షుడు కార్టర్ ప్రవర్తనా నియమావళిని సవరించి, ఆ నాలుగు వివరాలు తప్ప నోరు విప్పకూడదన్న పట్టు సడలించాడు. నా లెక్కలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా మానవీయమైన నిర్ణయం అదే. లొంగిన మనిషి కూడా గౌరవానికి అర్హుడేనని ఒక సైన్యం చట్టంలోనే ఒప్పుకుంది.

హనోయ్‌లోనే ఖైదీగా ఉన్న అమెరికన్ పైలట్ జెరెమయా డెంటన్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1966లో అతణ్ని కెమెరా ముందు కూర్చోబెట్టారు. పైకి చూస్తే శత్రువు తీసిన సినిమాలో నటించినట్టే. అతను మాత్రం లైటు కళ్లల్లో పడుతున్నట్టు రెప్పలు ఆర్పుతూ మోర్స్ సంకేతంలో టార్చర్ అనే మాటను ఒక్కో అక్షరం చెప్పేశాడు. హనోయ్‌లో హింస జరుగుతోందని అమెరికాకు అలా ధ్రువపడింది. అతనికి నేవీ క్రాస్ వచ్చింది.

ఇక సాక్ష్యం సంగతి. యుద్ధరంగంలో చూసినవాళ్లుంటారు, పైఅధికారి ఉంటాడు, రాసి పంపుతాడు. చెరలో చూసినవాళ్లు ఇద్దరే, తోటి ఖైదీలు, హింసించినవాళ్లు. తోటి ఖైదీ బతికి ఇంటికొస్తే తప్ప శౌర్యం సంగతి బయటికి రాదు. అమెరికా సైన్యపు కెప్టెన్ రాకీ వెర్సాచీ 1963లో వియత్నాంలో పట్టుబడ్డాడు. వియత్నామీస్, ఫ్రెంచి వచ్చు కాబట్టి పాఠాలు చెప్పడానికొచ్చిన కమ్యూనిస్టు రాజకీయ అధికారులతో వాళ్ల భాషలోనే వాదించేవాడు. వాళ్ల కోపమంతా తనమీదికి తెచ్చుకుని పక్కవాళ్లకు కాస్త ఊపిరాడనిచ్చాడు. చివరిసారి తోటివాళ్లు విన్నది అతను పెట్టెలాంటి గదిలోంచి గొంతెత్తి దేశభక్తి పాట పాడటం. 1965లో చంపేశారు. అతనితో చెరలో ఉన్న నిక్ రో 1968 డిసెంబరు 31న తప్పించుకుని వచ్చి చెబితే గానీ లోకానికి తెలియలేదు. మెడల్ ఆఫ్ ఆనర్‌కు సిఫారసు చేస్తే తగ్గించి సిల్వర్ స్టార్ ఇచ్చారు. అసలు పతకం 2002లో వచ్చింది.

కొరియాలో ఖైదీగా చనిపోయిన అమెరికా సైన్యపు మతగురువు (చాప్లెయిన్) ఎమిల్ కపౌన్ విషయం నాకు ఇంకా విచిత్రంగా అనిపిస్తుంది. శిబిరంలో తిండి దొంగిలించి తెచ్చి పంచినవాడు, రోగుల మలినమైన బట్టలు ఉతికినవాడు అని బతికొచ్చినవాళ్లంతా ఆయన్ను తలుచుకునేది ఆ శిబిరం రోజులకే. 2013లో ఇచ్చిన మెడల్ ఆఫ్ ఆనర్ ప్రశంసాపత్రం మాత్రం 1950 నవంబరు 1, 2 తేదీల్లో ఉన్‌సాన్ దగ్గర జరిగిన పోరు వరకే ఆగిపోతుంది. ఇదే యుద్ధంలో, ఇదే పతకం 2005లో అందుకున్న టిబోర్ రూబిన్ ప్రశంసాపత్రంలో శిబిరం సంగతే ప్రముఖంగా ఉంది. రూబిన్ హంగరీ యూదుడు, చిన్నతనంలోనే నాజీల మౌట్‌హౌసెన్ శిబిరం చూసి బతికినవాడు. రాత్రిళ్లు కంచె దాటి శత్రువు గిడ్డంగుల్లోంచి తిండి తెచ్చి నలభై మంది దాకా ప్రాణాలు నిలబెట్టాడని అందులో రాశారు. ఒకే రకమైన పనికి ఒకరి పత్రంలో చోటుంది, ఇంకొకరి పత్రంలో లేదు. నియమం స్పష్టంగా లేకపోతే ఇలాగే ఉంటుంది.

చాలామంది కలిపేసే మరో విషయం, అమెరికాలోని యుద్ధఖైదీ పతకం. అది శౌర్య పతకం కాదు. 1985లో కాంగ్రెసు చట్టం చేసి, 1917 ఏప్రిల్ 5 తర్వాత పట్టుబడి గౌరవంగా నడుచుకున్న ప్రతి సైనికుడికీ ఇవ్వాలని పెట్టింది. అయినా దానికీ పేచీలు తప్పలేదు. 1968 జనవరిలో ఉత్తర కొరియా పట్టుకున్న ప్యూబ్లో అనే నౌక సిబ్బంది పదకొండు నెలలు చావుదెబ్బలు తిన్నారు. యుద్ధమే లేదు కాబట్టి మీరు యుద్ధఖైదీలు కారు, నిర్బంధితులు మాత్రమేనని మొదట పతకం నిరాకరించారు. చట్టం మార్చాక 1990లో ఇచ్చారు.

మన దగ్గర అలాంటి పతకం లేదు. శత్రువు చేతిలో గాయపడితే దానికో పతకం ఉంది, చెరలో పడితే లేదు. చెరలో నడవడిక బాగుంటే ఉన్న పతకాల్లోనే ఎక్కడో ఒకచోట సర్దాలి. కార్గిల్‌లో 1999 మే 27న మిగ్-27 ఇంజను ఆగిపోయి బటాలిక్ ప్రాంతంలో దిగిన ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత, ఇంటిపేరు చెప్పకనే చెబుతున్నట్టు మన తెలుగు కుటుంబంవాడు. పట్టుకున్న సైనికులు చితకబాదుతుంటే పాకిస్తాన్ వైమానిక దళం అధికారి ఒకాయన వచ్చి ఆపించాడు. జూన్ 3న రెడ్‌క్రాస్ ద్వారా విడుదలయ్యారు. తర్వాత వాయుసేన పతకం ఇచ్చారు. వెన్ను దెబ్బతిని ఫైటర్ విమానాలకు దూరమైనా రవాణా విమానాలు నడుపుతూ కొలువులో కొనసాగారు.

మన చరిత్రలో ఈ విషయం మీద అసలు పరీక్ష 1972 ఆగస్టులో రావల్పిండిలో జరిగింది. 1971 యుద్ధంలో పట్టుబడ్డ వైమానిక దళ అధికారుల్లో దిలీప్ పారుల్కర్, మల్వీందర్ సింగ్ గ్రేవాల్, హరీష్ సింహ్‌జీ గది గోడకు కన్నం వేసి రాత్రివేళ బయటపడ్డారు. బస్సెక్కి పెషావర్ చేరారు, అక్కణ్నుంచి లండీ కోటల్. అఫ్ఘాన్ సరిహద్దు ఇంకొద్ది మైళ్లే. దగ్గరున్న మ్యాపు చూసి లండీ ఖానా స్టేషనుకు దారేదని అడిగారు. ఆ స్టేషను 1932లోనే మూతపడింది. ఊళ్లోవాళ్లకు అనుమానం వచ్చింది, తహసీల్దారు ముందుకు తీసుకెళ్లారు. మళ్లీ ఖైదు. ఆ డిసెంబరు 1న మిగతా ఖైదీలతో కలిసి వాఘా దాటి వచ్చారు. ఈ పరారీకి నాయకత్వం వహించిన పారుల్కర్‌కు ఆ తర్వాత విశిష్ట సేవా పతకం ఇచ్చారు. అది సేవకు ఇచ్చే పతకం, శౌర్య పతకాల వరుసలోది కాదు. ప్రయత్నం ఫలించకపోయినా గుర్తించడం సబబైన పని. గుర్తించిన వరుస మాత్రం సరైనది కాదని నా గట్టి అభిప్రాయం. దొరికితే కాల్చేస్తారో ఏం చేస్తారో తెలియకుండా శత్రుదేశం మధ్యలో గోడ తవ్వి బయటికి నడవడం శౌర్యం కాకపోతే ఇంకేది?

ఆ గదుల్లో వెనక ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. ఏర్పాట్లు తెలిసీ నోరు మెదపనివాళ్లు, గాయాల వల్ల వెళ్లలేక వెళ్లేవాళ్లకు సాయపడ్డవాళ్లు, పరారీ బయటపడ్డాక కాపలావాళ్ల కోపం చవిచూసినవాళ్లు. ప్రతి మంచి ఖైదీ కథలోనూ వీళ్లుంటారు, స్టాక్‌డేల్ తట్లకు గోడ అవతల జవాబిచ్చినవాళ్లలా. శౌర్య పతకం ఒక్క మనిషి పేరు అడుగుతుంది. చెరలో మాత్రం పని జట్టుగా జరుగుతుంది. యుద్ధంలో బాగా పోరాడిన బెటాలియన్‌కు మన సైన్యం యూనిట్ ప్రశంసాపత్రం ఇస్తుంది. శిబిరంలో కలిసి నిలబడ్డవాళ్లకు కూడా అలాంటిదే ఒకటి ఉండాలి. ఖైదీలు తిరిగొచ్చిన వెంటనే, జ్ఞాపకం చెదరకముందే, ఎవరు ఎవరికి ఏం చేశారో ఒక్కొక్కరి దగ్గరా విడివిడిగా రాయించి దాని ఆధారంగా ఇవ్వవచ్చు. దీనికి చట్టం మార్చనక్కర్లేదు, కొత్త పతకం పోత పోయనక్కర్లేదు.